స్టూలు గుర్తు కృష్ణమోహన్

కృష్ణమోహన్ గారు భయస్తుడన్న సంగతి మా రేవులపాడులో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఆయన కిరాణా కొట్టు మా ఇంటికి సరిగ్గా ఎదురు. ఇరవై రెండేళ్లుగా చూస్తున్నాను కాబట్టి కొంచెం అధికారంతోనే చెప్తున్నాను. బల్లి మీద పడుతుందేమోనని ఆయన గోడకి ఆనుకోరు. మీటరు చూడడానికి కరెంటు వాళ్లు వస్తే లేచి నిలబడతారు. ఫోన్లో కొత్త నంబరు కనిపిస్తే ఎత్తరు, అది మోగడం ఆగేదాకా దానికేసి చూస్తూ కూర్చుంటారు. పెళ్లిచూపులకి దెందులూరు వెళ్లినప్పుడు తల ఎత్తలేక, కాఫీ గ్లాసు అందించిన చేతి గాజులు మాత్రం చూసి వచ్చేశారట.

"గాజులు నచ్చి చేసుకున్నారు నన్ను" అని రత్నాంబ వదిన ఇప్పటికీ నవ్వుతుంది.

ఎవరైనా గొంతు పెంచితే ఆయన చెయ్యి వణికి, కాటాలో గుప్పెడు కందిపప్పు ఎక్కువ పడుతుంది. ఇది కనిపెట్టిన మా ఆడవాళ్లు, ఏ కోపం లేకపోయినా, కొట్టు మెట్టు ఎక్కేటప్పుడు కొంచెం గట్టిగా దగ్గుతారు. నేనూ దగ్గాను. దాచడమెందుకు.

అలాంటి మనిషి పద్దెనిమిదేళ్ల కట్టుబాటుకి ఎదురు తిరిగారు. ఎలా తిరిగారో చెప్తాను.

మా ఊరికీ తూడులంకకీ మధ్య ఒక మురుగుకాలువ, దాని మీద ఒక కల్వర్టు. అవతల కొల్లేరు, వాళ్ల చేపల చెరువులు. ఇవతల మా వరిచేలు. వరద వచ్చిన ఏడు, తూడులంక వాళ్లు తమ చెరువుగట్లు తెగకుండా కాలువకి అడ్డంగా ఇసుక బస్తాలు వేశారు. నీళ్లు వెనక్కి తన్నాయి. వెన్నులు తీస్తూ ఈనిక మీదున్న మా చేలు పదకొండు రోజులు నీళ్లలోనే ఉన్నాయి. సూర్యనారాయణ గారి పాడిగేదెలు రెండు కట్టుగొయ్యలతో సహా కొట్టుకుపోయాయి. నీళ్లు తీశాక ఆయనే పెద్దగా కూర్చుని ఊరందరి చేతా ఒట్టు వేయించారు. తూడులంక వాళ్లకి అగ్గిపెట్టె కూడా అమ్మకూడదు. వాళ్ల దగ్గర చేపపిల్ల కూడా కొనకూడదు. మాట తప్పిన ఇంటికి ఊళ్లో ఎవరూ పాలు పొయ్యరు, ఏదీ అమ్మరు, ఏదీ కొనరు, పలకరించరు. పలకరించినవాళ్లకీ అదే శిక్ష.

అంటే మేం చేపలు తినడం మానేశామని కాదు. తూడులంక చేప పొద్దున్నే ఏలూరు వెళ్లి, అక్కడ పేరు మార్చుకుని, మధ్యాహ్నం బస్సులో మా ఊరు వచ్చేది. మేం దాన్ని ఏలూరు చేప అనేవాళ్లం. తూడులంక వాళ్లు మాత్రం కల్వర్టు దాటితే దొరికే ఉప్పూ పప్పూ కోసం పద్నాలుగు కిలోమీటర్లు చుట్టూ తిరిగేవారు.

ఆ శిక్ష ఒక్క ఇంటికే పడింది, మొదటి ఏడాదే. మా వీధిలో కుట్టుమిషను పెట్టుకున్న జెస్సీ, తూడులంక పెళ్లికూతురికి జాకెట్టు కుట్టి ఇచ్చింది. నాలుగు నెలలు ఆ ఇంటికి ఎవరం వెళ్లలేదు. ఐదో నెలలో ఆవిడ మిషను ఆటోలో వేసుకుని, పిల్లల్ని తీసుకుని తాడేపల్లిగూడెం వెళ్లిపోయింది. ఆ రోజు కిటికీ రెక్క సందులోంచి చూసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ ఇల్లు ఇంకా అలాగే ఉంది. రేకులు కుంగిపోయాయి, గుమ్మంలో తుమ్మ మొలిచింది. కృష్ణమోహన్ గారు ఆ ఇంటి ముందు నుంచి వెళ్లాల్సి వస్తే చెప్పులు చప్పుడు కాకుండా నడుస్తారు.

ఇక పాపమ్మ సంగతి. తూడులంకావిడ, ఏలూరు మార్కెట్లో చేపల తట్ట పెట్టుకుంటుంది. నాలుగేళ్ల కిందట ఎండాకాలంలో కృష్ణమోహన్ గారు సరుకులకి ఏలూరు వెళ్లి బస్టాండు దగ్గర కళ్లు తిరిగి పడిపోయారు. అంతమంది జనంలో ఆయన్ని నీడకి లాగి, మొహాన నీళ్లు కొట్టి, నిమ్మసోడా తాగించి, బస్సెక్కించింది ఆవిడే. ఏ ఊరని ఆవిడ అడిగింది. ఆయన చెప్పారు. ఆయన అడగలేదు, చీర కట్టుకున్న తీరులోనే తూడులంకావిడని తెలిసిపోయింది.

ఆ తర్వాత ఏడాది ఒక మధ్యాహ్నం ఆ పాపమ్మే కల్వర్టు దాటి వచ్చి కొట్టు మెట్టు కింద నిలబడింది. మనవడికి వాంతులు, విరేచనాలు. ఉప్పూ పంచదారా కలిపి పట్టమన్నారట. ఇంట్లో రెండూ లేవు. ఆ సమయానికి కొట్టులో మేం నలుగురం ఉన్నాం. కృష్ణమోహన్ గారు మా నలుగురి మొహాలూ ఒక్కొక్కటీ చూశారు.

"ఉప్పు లేదమ్మా. స్టాకు రాలేదు" అన్నారు.

అలా అన్నప్పుడు ఆయన ఉప్పు బస్తాకి ఆనుకుని కూర్చున్నారు. బస్తా మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది కూడా. పాపమ్మ బస్తాకేసి చూసింది, ఆయనకేసి చూసింది.

"సరేలెండి బాబుగారూ. మీకూ పిల్లలున్నారు కదా" అని వెళ్లిపోయింది.

పిల్లాడు బతికాడు. కృష్ణమోహన్ గారికి మాత్రం నెల రోజులు అన్నంలో ఉప్పు తెలియలేదని వదిన చెప్పింది.

మొన్న పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. వార్డులన్నీ ఏకగ్రీవం చేయించాలని సూర్యనారాయణ గారు పట్టుబట్టారు. ఆయనతో గట్టు తగాదా ఉన్న వీర్రాజు గారు మాత్రం వినకుండా మా ఆరో వార్డుకి నామినేషను వేసేశారు. సూర్యనారాయణ గారు నేరుగా కొట్టుకి వచ్చారు.

"ఏవయ్యా కృష్ణమోహనూ, ఆరో వార్డుకి నువ్వు నిలబడు."

"నేనాండి?"

"నువ్వైతే ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఏదీ అడగవు, ఏదీ కాదనవు."

కాదనడానికి భయపడి ఆయన ఒప్పుకున్నారు. గుర్తులిచ్చేనాడు ఈయనకి స్టూలు వచ్చింది. బుర్రమీసాల వీర్రాజు గారికి గౌను గుర్తు వచ్చింది. నాలుగు రోజులు మా వీధి నవ్వుకోవడానికి అది సరిపోయింది.

కరపత్రాలు వేయించడానికి కృష్ణమోహన్ గారు ఏలూరు వెళ్లారు. రోడ్డు, కుళాయి, వీధి దీపాలు అని రాసి తీసుకెళ్లారు. ప్రెస్సులో కంప్యూటరు ముందున్న అమ్మాయి స్క్రీను ఇటు తిప్పింది.

"కింద ఒక లైను ఖాళీ ఉండిపోయిందండి. బోసిగా ఉంది. ఏదో ఒకటి చెప్పండి, పెట్టేస్తాను."

"దణ్ణం బొమ్మ పెట్టెయ్యండి."

"అది పైన పెట్టేశానండి. మీరు నిజంగా చేద్దామనుకున్నదేదైనా చెప్పండి."

పరాయి ఊరు, తెలిసిన మొహం ఒక్కటీ లేదు, ఏసీ చల్లగా ఉంది. ఆయన నోటివెంట వచ్చేసింది. "తూడులంకతో అమ్మకాలు, కొనుగోళ్లు లేకుండా పద్దెనిమిదేళ్లుగా ఉన్న కట్టుబాటు ఎత్తివేయిస్తాను." అమ్మాయి టకటకా కొట్టేసింది. ఐదు వందల కాపీలు అచ్చయ్యాయి.

బస్సు వట్లూరు దాటేదాకా ఆయన ధైర్యంగానే ఉన్నారట. దెందులూరులో మా ఊరి వెంకట్రాజు ఎక్కి, "ఏంటండీ, కరపత్రాలా? ఒకటి ఇలా ఇవ్వండి" అన్నాడు. అక్కడితో అయిపోయింది. "లేదండి, పాత క్యాలెండర్లు" అని, ఆ కట్ట మీద కూర్చుని వచ్చారు. తవుడు బస్తాల వెనక దాన్ని దూర్చేసి, ప్రెస్సులో కరెంటు లేదని ఊళ్లో అడిగినవాళ్లకి చెప్పారు.

తర్వాత జరిగినదానికి ఎవర్నీ తప్పు పట్టలేం. మా ఊళ్లో ప్లాస్టిక్ కవర్లు మానిపించి ఏడాది అయింది. జీలకర్ర, మిరియాలు, ధనియాలు అన్నీ కాగితం పొట్లాలే. మధ్యాహ్నం పూట సీరియల్ చూస్తూ పొట్లాలు చుట్టిపెట్టడం రత్నాంబ వదిన పని. తవుడు తీయడానికి వెళ్తే ఆవిడకి ఐదు వందల కాగితాలు కనిపించాయి. ఒకవైపే అచ్చు, మందమైన కాగితం, పైన మొగుడి ఫోటో. పంచగా మిగిలినవనుకుంది. ఆయన రోజూ వీధుల్లో తిరుగుతున్నారు మరి, పంచేసి ఉంటారనే కదా ఎవరైనా అనుకుంటారు. మడత విప్పితే గానీ అడుగు లైను కనపడకుండా, ఫోటో మాత్రం పైకి వచ్చేట్టు నూటయాభై పొట్లాలు చుట్టింది.

మర్నాడు శుక్రవారం. పదింటికల్లా సగం వార్డు పొట్లాలు పట్టుకెళ్లిపోయింది. కృష్ణమోహన్ గారు ప్రచారం ముగించుకుని వచ్చేసరికి వెంకట్రాజు ధనియాల పొట్లం విప్పి పట్టుకుని మెట్టు మీద నిలబడి ఉన్నాడు. ధనియాలు అతని చొక్కా జేబులో ఉన్నాయి.

"ఏవండీ, ఇది మీరే రాయించారా?"

ఆయన కాగితం చూశారు. లోపలికి చూశారు. వదిన సంబరంగా చెప్పింది.

"మీ మొహం పైకి కనబడేట్టు మడిచానండి. అందరూ బాగుందన్నారు."

ఆయన స్టూలు వెతుక్కుని కూర్చున్నారు.

ఆ మధ్యాహ్నం కొట్టుకి ఎవరూ రాలేదు. సాయంత్రం పాలావిడ కృపమ్మ కృష్ణమోహన్ గారి గుమ్మం దాకా వచ్చి, క్యాను భుజం మార్చుకుని ముందుకి వెళ్లిపోయింది. కాలేజీ నుంచి వచ్చిన ఆయన కూతురు మేఘనని వీధి మొగలో ఎవరూ పలకరించలేదు. ఇంటికొచ్చి ఆ పిల్ల అడిగింది.

"నాన్నా, మనం కూడా తాడేపల్లిగూడెం వెళ్లిపోవాలా?"

ఆయన లేచి వెళ్లి కాటా తుడవడం మొదలుపెట్టారు.

చీకటి పడకముందే వెంకట్రాజు కబురు తెచ్చాడు. రేపు పొద్దున్న ఎనిమిదింటికి సొసైటీ గోడౌను అరుగు మీద పెద్దలు కూర్చుంటారు.

"ప్రెస్సువాళ్లు తప్పు వేశారని ఒక్క మాట చెప్పండి, చాలు. సూర్యనారాయణ గారు వదిలేస్తానన్నారు. లేదంటే జెస్సీకి పట్టిన గతే."

"అలాగే చెప్పెయ్యండి" అంది వదిన. పొట్లాల సంగతి తెలిసినప్పటి నుంచీ ఏడుస్తూనే ఉంది పాపం. "నా చేతులు విరగ. ఆ ఒక్క మాట చెప్పెయ్యండి."

"చెప్పేస్తాను" అన్నారాయన. నిజంగానే చెప్పేద్దామనుకున్నారు. పొద్దున్న పెరట్లో పళ్లు తోముకుంటూ ఆ మాట నాలుగుసార్లు అనుకుని చూసుకోవడం గోడ అవతల వాళ్ల పక్కింట్లో ఉండే మా చుట్టాలమ్మాయి విన్నది.

అరుగు మీద నలభై మంది దాకా ఉన్నారు. సూర్యనారాయణ గారు కుర్చీలో కూర్చున్నారు. పక్కనే గౌను గుర్తు వీర్రాజు గారు. నిన్నటిదాకా మొహమొహాలు చూసుకోనివాళ్లు. కృష్ణమోహన్ గారు మధ్యలో నిలబడ్డారు. కండువా చివర పట్టుకుని మెలిపెడుతున్నారు.

"ఏవయ్యా, ఈ లైను ఎవరిది?" అడిగారు సూర్యనారాయణ గారు.

కృష్ణమోహన్ గారు నోరు తెరిచారు. మాట రాలేదు.

"నిన్నే."

పెదాలు కదిలాయి. గొంతులోంచి గాలి మాత్రం వచ్చింది. చెమట చెవుల మీదుగా కారి కాలరులోకి దిగుతోంది.

"చూశారా ఎంత మొండితనమో" అన్నాడు వెనకనుంచి ఎవరో. "పెద్దాయన అడుగుతుంటే ఉలుకూ పలుకూ లేదు."

ఆయన భయస్తుడని అందరికీ తెలిసినా, నలభై మందిలో అది భయమని అప్పుడు పోల్చుకున్నది బహుశా నేనూ, వదినా మాత్రమే. మూడోసారి అడిగేసరికి వెంకట్రాజుకి జాలేసింది. మంచివాడే.

"ప్రెస్సువాళ్ల పొరపాటేనండి. పాపం ఆయన చెప్పలేకపోతున్నారు. ఇంకెవరి కాగితంలోదో ఇందులో పడిందంట."

"అంతేనా?" సూర్యనారాయణ గారు కుర్చీలో వెనక్కి వాలారు. "అయితే సరే. అలా చెప్పొచ్చు కదయ్యా. ఆ కాగితాలన్నీ తెచ్చి ఇక్కడ తగలబెట్టించు, అయిపోతుంది."

జనం లేస్తున్నారు. వదిన కొంగుతో మొహం తుడుచుకుంది. ఇప్పుడాయన చెయ్యాల్సింది ఏమీ లేదు. ఊరికే నిలబడితే చాలు. రాని గొంతు రాకుండా ఉంటే చాలు.

"కాదండి" అన్నారు కృష్ణమోహన్ గారు.

ఎంత సన్నగా అన్నారంటే, లేచినవాళ్లు లేచిన చోటే ఆగి చెవి ఒగ్గాల్సి వచ్చింది.

"ఆ అమ్మాయి తప్పేమీ లేదండి. నేను చెప్పిందే కొట్టింది. ఉప్పు బస్తాకి ఆనుకుని కూర్చుని ఉప్పు లేదన్నానండి నేను. పసిపిల్లాడికి. మీ గేదెలు పోయిన మాట నిజమేనండి, మన చేలు పోయిన మాటా నిజమే. ఆ పిల్లాడు అప్పటికి పుట్టలేదు కదండీ." ఊపిరి పీల్చుకోవడానికి ఆగారు. "నాకు మీరంటే భయమేనండి. ఇప్పుడు కూడా భయంగానే ఉంది. ఆ లైను మాత్రం నాదే."

సూర్యనారాయణ గారి మొహంలో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువగా ఉంది. స్టూలు లేచి నడిస్తే ఎలా చూస్తామో అలా చూశారు.

"అయితే కట్టుబాటు నీకూ వర్తిస్తుంది" అన్నారు చివరికి. గంటలో దండోరా వేసేశారు.

పోలింగుకి ఐదు రోజులుంది. ఆ ఐదు రోజులూ ఆయన ఆరింటికే కొట్టు తెరిచి కూర్చునేవారు. ప్రచారానికి వెళ్తే తలుపులు మూసుకుంటున్నారు, అందుకని వెళ్లడం మానేశారు. వీధిలో అడుగుల చప్పుడైతే చాలు, ఉలిక్కిపడేవారు. రెండో రోజు పొద్దున్న కొట్టు తలుపుకి ఎవరో పాత తాళంకప్ప ఒకటి వేలాడదీసి వెళ్లారు. ఆయన దాన్ని తీసి బల్ల కింద పెట్టి, వదినకి చెప్పలేదు. మూడో రోజు నుంచి వాళ్లు డికాషనే తాగుతున్నారని తెలిసింది.

నా సంగతి కూడా చెప్పాలి. నాలుగో రోజు మా ఇంట్లో కాఫీపొడి అయిపోయింది. ఎదురుగా కొట్టు తెరిచి ఉంది. సీసాలో కాఫీపొడి నాకు కనపడుతోంది. నేను సంచి తీసుకుని, ఎండలో దెందులూరు వెళ్లి కొనుక్కుని వచ్చాను. వచ్చేసరికి రత్నాంబ వదిన గడప మీద కూర్చుని ఉంది. నా సంచికేసి చూసి, నేను సిగ్గుపడకుండా ఉండాలని కాబోలు, తల పక్కకి తిప్పుకుంది. నేను ఇంట్లోకి వెళ్లి తలుపేసుకున్నాను. కాఫీ పెట్టుకోలేదు.

పోలింగు రోజు బడి దగ్గర వరసలో ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. ఎన్నికలంటే మా ఊళ్లో పెళ్లి సందడి ఉంటుంది. ఆ రోజు మాత్రం అందరూ ముందున్న మనిషి వీపు చూస్తూ నిలబడ్డారు. కృష్ణమోహన్ గారు ఓటు వేసి, వేలి మీద సిరా ఆరకుండానే వెళ్లిపోయారు. సాయంత్రం లెక్కింపుకి కూడా రాలేదు. ఇంటి ఓట్లు మూడు, ఆ మూడే వస్తాయని, ఆ తర్వాత ఊళ్లో ఉండలేమని, మేఘన పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుతున్నారు.

ఆరో వార్డులో పోలైనవి నూట యాభై నాలుగు. గౌనుకి ఎనభై నాలుగు. చెల్లనివి మూడు. స్టూలుకి అరవై ఏడు.

ఆ అంకె చదివినప్పుడు బడి ఆవరణలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. గెలిచిన వీర్రాజు గారు కూడా దండ వేయించుకోవడం మర్చిపోయి నిలబడ్డారు. అందరూ పక్కవాళ్ల మొహాలకేసి చూడడం మొదలుపెట్టారు. చూస్తూ దొరికిపోతామేమోనని వెంటనే చూపు తిప్పుకోవడం. ఇళ్లకి వెళ్లేటప్పుడు ఎప్పుడూ గుంపులుగా వెళ్లేవాళ్లం. ఆ రోజు ఎవరి దారిన వాళ్లం విడివిడిగా వెళ్లాం. ఆ అరవై ఏడులో నేనున్నానా అంటారా, అది మా ఆయనకే చెప్పలేదు.

మర్నాడు పొద్దున్న సూర్యనారాయణ గారు కర్ర పట్టుకుని ఒక్కరే వచ్చారు. కొట్టు మెట్టు కింద ఆగారు. కృష్ణమోహన్ గారు లేచి నిలబడ్డారు. వెళ్లిపొమ్మనడానికే వచ్చారనుకుని చేతులు కట్టుకున్నారు.

"అరవై ఏడు" అన్నారు సూర్యనారాయణ గారు.

"అవునండి."

"మీ ఇంట్లో మూడు. మిగతా అరవై నాలుగు ఎవరివయ్యా?"

"నాకు తెలీదండి. ఒట్టు."

"నాకూ తెలీదు." ఆయన కర్రతో నేల మీద ఏదో గీశారు. "మా ఇంట్లో నాలుగు ఓట్లున్నాయి. రాత్రి అన్నం తింటూ మా నరసమ్మని అడుగుదామనుకున్నాను. నలభై ఏళ్ల కాపురం. అడగడానికి భయమేసిందయ్యా."

కృష్ణమోహన్ గారికి ఏమనాలో తోచక స్టూలు ముందుకి జరిపారు. ఆయన కూర్చోలేదు.

"మరి కట్టుబాటు అండీ?"

"వేసేటప్పుడు దండోరా వేస్తాం. తీసేటప్పుడు ఎవరూ వెయ్యరు" అన్నారు సూర్యనారాయణ గారు. "నేను మళ్లీ ఏమీ అనను. ఎవరైనా వచ్చి నన్ను అడిగితే వినపడనట్టు ఊరుకుంటాను. చెవుడొచ్చే వయసే కదా."

ఆయన వెళ్లిన అరగంటకి కృపమ్మ పాల క్యానుతో వచ్చింది. నిన్న మొన్న ఏమీ జరగనట్టు, "గిన్నె తెండి వదినగారూ" అని కేకేసింది. వదిన హడావిడిగా గిన్నె తెచ్చేటప్పుడు మూత కింద పడింది. ఆ చప్పుడుకి కృష్ణమోహన్ గారు లోపలికి పారిపోయి మళ్లీ వచ్చారు.

తొమ్మిదింటికి కల్వర్టు వైపు నుంచి ఒక మోపెడ్ వచ్చింది. దాని మీదున్న మనిషిది మా ఊరు కాదు. కొట్టుకి పదడుగుల దూరంలో ఆపి, ఇంజను కట్టెయ్యకుండా, ఒక కాలు నేల మీద పెట్టి కూర్చున్నాడు. వీధిలో తలుపులు ఒక్కొక్కటే సందు తెరుచుకున్నాయి. ఆ మనిషి అటూ ఇటూ చూశాడు. కృష్ణమోహన్ గారూ అటూ ఇటూ చూశారు. ఇద్దరి మొహాల్లోనూ రక్తం లేదు.

"ఏం కావాలండి?" అడిగారు కృష్ణమోహన్ గారు. గొంతు బొంగురుపోయింది, కానీ వచ్చింది.

"ఏమీ వద్దండి. కొట్టు తెరిచారో లేదో చూసి రమ్మన్నారు మా ఊళ్లో."

కృష్ణమోహన్ గారు బల్ల అంచు గట్టిగా పట్టుకున్నారు.

"తెరిచే ఉందని చెప్పండి" అన్నారు.